ఎన్‌బీఏ పగ్గాలు లాయర్ల చేతికి ఎలా వచ్చాయి? డేవిడ్ స్టెర్న్ నుంచి శాలరీ క్యాప్ దాకా

2024 జూన్‌లో బోస్టన్ సెల్టిక్స్ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ టైటిల్ గెలిచింది. ఏడాది తిరిగేసరికి ఆ గెలుపులో ముఖ్యులైన ఇద్దరిని వదిలించుకుంది. జ్రూ హాలిడేని పోర్ట్‌లాండ్‌కి, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ని అట్లాంటాకి పంపించేసింది. వాళ్లకి ఆట రాక కాదు. స్టార్ ప్లేయర్ జేసన్ టేటమ్ 2025 మేలో తీవ్రంగా గాయపడ్డాడన్నది నిజమే, అదీ ఒక కారణమే. కానీ అసలు టెన్షన్ ‘సెకండ్ ఏప్రన్’ అనే ఒక గీత గురించి. 2025-26 సీజన్‌కి ఆ గీత 20.78 కోట్ల డాలర్ల దగ్గర ఉంది. మొత్తం జీతాలు దాన్ని దాటితే టీమ్ చేతులు కట్టేసినట్టే.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్ల ఇళ్లలో పిల్లలు మ్యాచ్ చూస్తుంటే, క్రికెట్ చూసి పెరిగిన నాన్నలకి అంతుపట్టనిది సరిగ్గా ఇదే. గెలిచిన టీమ్‌ని ఎవరైనా విడగొట్టుకుంటారా? జవాబు మైదానంలో దొరకదు, కాగితాల మీద ఉంది. ఆ కాగితాల్లో చాలా వాటి వెనక ఒక లాయర్ కనిపిస్తాడు. ఆయన పేరు డేవిడ్ స్టెర్న్. 1984 నుంచి 2014 దాకా, సరిగ్గా 30 ఏళ్లు, ఎన్‌బీఏ కమిషనర్.

కమిషనర్ ఎవరి మనిషి?

ముందు మూడు ఉద్యోగాలు వేరు చేసి చూడాలి. టీమ్‌ని కట్టేవాడు జనరల్ మేనేజర్: ఎవరిని తీసుకోవాలి, ఎవరిని ఇచ్చేయాలి, ఎంత జీతం ఇవ్వాలి అన్నది ఆయన పని. లీగ్ తరఫున కాంట్రాక్టులు, కేసులు చూసుకునేవాడు జనరల్ కౌన్సెల్. మొత్తం లీగ్‌ని నడిపేవాడు కమిషనర్.

కమిషనర్ అంటే క్రీడాశాఖ అధికారి లాంటి తటస్థుడని చాలామంది అనుకుంటారు. కాదు. ఆయన్ని నియమించేది, జీతం ఇచ్చేది, తీసేయగలిగేది టీమ్‌ల యజమానులే. అయినా ఆ యజమానులకే జరిమానా వేసే అధికారం కూడా ఆయనకుంది. జీతం ఇచ్చేవాళ్లనే అదుపులో పెట్టాల్సిన విచిత్రమైన కుర్చీ అది. స్టెర్న్ పాత్ర మీద ఇప్పటికీ నడిచే వాదనల్లో సగం ఈ చిక్కు దగ్గరే మొదలవుతాయి.

డెలీ కొట్టు నుంచి లా ఫర్మ్‌కి

స్టెర్న్ 1942లో న్యూయార్క్‌లో పుట్టాడు. పెరిగింది న్యూజెర్సీలోని టీనెక్‌లో. తండ్రి మన్‌హటన్‌లో డెలీ (శాండ్‌విచ్‌ల లాంటి తినుబండారాలు అమ్మే) కొట్టు నడిపేవాడు. కొడుకు కూడా అక్కడ కౌంటర్ వెనక నిలబడ్డవాడే. రట్గర్స్‌లో డిగ్రీ, 1966లో కొలంబియా లా స్కూల్ నుంచి పట్టా, ఆ వెంటనే ప్రోస్కావర్ రోజ్ అనే న్యూయార్క్ లా ఫర్మ్‌లో ఉద్యోగం. ఆ ఫర్మ్ క్లయింట్లలో ఎన్‌బీఏ ఒకటి. ఆయన ప్లేయర్ కాదు, కోచ్ కాదు. ఫైళ్లు చూసే కుర్ర లాయర్‌గానే ఆటలోకి అడుగు పెట్టాడు.

ఆ ఫైళ్లలో అన్నిటికంటే బరువైనది ఆస్కార్ రాబర్ట్‌సన్ కేసు. ఆ తరం మేటి ఆటగాళ్లలో ఒకడైన రాబర్ట్‌సన్ అప్పుడు ప్లేయర్స్ యూనియన్ అధ్యక్షుడు. 1970లో ఆటగాళ్లందరి తరఫున లీగ్ మీద దావా వేశాడు. ఆ రోజుల్లో కాంట్రాక్ట్ అయిపోయినా ప్లేయర్ పాత టీమ్‌కే కట్టుబడి ఉండాలి. ఇష్టమైన చోటికి వెళ్లే స్వేచ్ఛ లేదు. మరోవైపు ఏబీఏ అనే పోటీ లీగ్ ఉండటంతో, రెండు లీగ్‌ల మధ్య పోటాపోటీగా జీతాలు పెరుగుతున్నాయి. ఆ రెంటినీ కలిపేస్తే పోటీ పోతుంది, జీతాలు పడిపోతాయి. అందుకే విలీనాన్ని కూడా ఆపాలని కేసు వేశారు. ఆరేళ్లు నడిచి 1976లో రాజీ కుదిరింది. కాంట్రాక్ట్ అయిపోయాక వేరే టీమ్‌కి వెళ్లే దారి ఆటగాళ్లకి దశలవారీగా తెరుచుకుంది, లీగ్‌కి విలీనం దక్కింది.

లీగ్ తరఫున ఆ కేసు మీద పనిచేసిన స్టెర్న్‌కి, నా ఉద్దేశంలో, ఆ తర్వాతి జీవితమంతా పనికొచ్చిన పాఠం అక్కడే దొరికింది. యజమానులు ఏకపక్షంగా పెట్టిన రూలు కోర్టులో కూలిపోవచ్చు. ఆటగాళ్ల చేత సంతకం పెట్టించిన రూలు నిలబడుతుంది.

ఒక్క షరతు ఖరీదు

1976 విలీనంలో ఏబీఏ నుంచి నాలుగు టీమ్‌లు ఎన్‌బీఏలోకి వచ్చాయి: నెట్స్, నగ్గెట్స్, పేసర్స్, స్పర్స్. కెంటకీ కర్నల్స్, స్పిరిట్స్ ఆఫ్ సెయింట్ లూయిస్ మిగిలిపోయాయి. కెంటకీ యజమాని సుమారు 30 లక్షల డాలర్లు పుచ్చుకుని తప్పుకున్నాడు. స్పిరిట్స్ యజమానులైన సిల్నా సోదరులు మాత్రం వేరే బేరం పెట్టారు. లోపలికొచ్చిన నాలుగు టీమ్‌ల టీవీ వాటాలో ఏడో వంతు మాకివ్వండి, ఎన్‌బీఏ ఉన్నంతకాలం ఇవ్వండి అన్నారు.

లెక్క ఇలా ఉంటుంది. ఒక సీజన్‌లో ఒక్కో టీమ్‌కి టీవీ వాటాగా 70 లక్షల డాలర్లు వచ్చాయనుకుందాం. నాలుగు టీమ్‌లూ తలా 10 లక్షలు సిల్నాలకి ఇస్తాయి. అంటే టీమ్ లేదు, ఆటగాళ్లు లేరు, స్టేడియం అద్దె లేదు, అయినా 40 లక్షలు ఇంటికొస్తాయి. 1976లో బాస్కెట్‌బాల్‌కి టీవీ డబ్బు అంతంత మాత్రమే కాబట్టి షరతు ఎవరికీ ప్రమాదంగా కనిపించలేదు. తర్వాత టీవీ డబ్బు వరదలా వచ్చింది. సిల్నాలకి ఏళ్ల తరబడి చెక్కులు అందుతూనే ఉన్నాయి, మొత్తం సుమారు 30 కోట్ల డాలర్లు అందాయని అంచనా. చివరికి 2014లో, స్టెర్న్ దిగిపోవడానికి కొద్ది వారాల ముందు, ఆ హక్కులో చాలా భాగాన్ని వదులుకోవడానికి లీగ్ వాళ్లకి ఒకేసారి 50 కోట్ల డాలర్లు ఇచ్చేలా ఒప్పందం కుదిరిందని వార్తలొచ్చాయి. కాంట్రాక్టులో ‘ఎంత’ అన్నదాని కంటే ‘ఎప్పటిదాకా’ అన్నది ఎక్కువ ఖరీదైన సంగతి కావొచ్చని లా కాలేజీల్లో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

కలిసి జీతాలు తగ్గిస్తే నేరం కదా, మరి క్యాప్ ఎలా చెల్లింది?

1978లో స్టెర్న్ లా ఫర్మ్ వదిలి ఎన్‌బీఏలో జనరల్ కౌన్సెల్‌గా చేరాడు. అప్పటి కమిషనర్ లారీ ఓబ్రయన్, రాజకీయాల నుంచి వచ్చినవాడు. వాటర్‌గేట్ భవనంలో దొంగలు పడింది ఆయన అధ్యక్షుడిగా ఉన్న డెమొక్రటిక్ పార్టీ ఆఫీసులోనే. ఆయనకీ లా డిగ్రీ ఉంది.

అప్పట్లో లీగ్ పరిస్థితి ఏమంత బాగాలేదు. 1980 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌ని, మ్యాజిక్ జాన్సన్ చెలరేగి ఆడిన ఆ మ్యాచ్‌ని, అమెరికాలో చాలాచోట్ల రాత్రి పొద్దుపోయాక రికార్డింగ్‌గా వేశారు. చాలా టీమ్‌లు నష్టాల్లో ఉన్నామన్నాయి. జీతాలకి పరిమితి, అంటే శాలరీ క్యాప్, కావాలని యజమానులు పట్టుబట్టారు.

ఇక్కడే అమెరికా చట్టం అడ్డొస్తుంది. 1890 నాటి షెర్మన్ చట్టం ప్రకారం పోటీదారులైన కంపెనీలు కూడబలుక్కుని ధరలు పెంచకూడదు, జీతాలు తొక్కిపెట్టకూడదు. 30 టీమ్‌లంటే చట్టం కళ్లకి 30 వేర్వేరు వ్యాపారాలు. అవన్నీ కలిసి ‘ఇంతకు మించి ఇవ్వం’ అంటే కుమ్మక్కు అవుతుంది. బేస్‌బాల్‌కి 1922 నుంచి సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రత్యేక మినహాయింపు ఉంది, బాస్కెట్‌బాల్‌కి ఆ అదృష్టం లేదు.

మరి దారేది? కార్మిక చట్టం. యూనియన్, యాజమాన్యం కూర్చుని బేరమాడి కుదుర్చుకున్న ఒప్పందంలోని షరతుల జోలికి కుమ్మక్కు చట్టం సాధారణంగా రాదు. అంటే శాలరీ క్యాప్ యజమానుల హుకుం అయితే చెల్లదు, ఆటగాళ్లు ఒప్పుకున్న షరతు అయితే చెల్లుతుంది. కాబట్టి యూనియన్ లేకపోతే లీగ్‌కే నష్టం. వినడానికి తిరకాసుగా ఉన్నా ఇదే అసలు కీలకం.

1983 మార్చి చివర్లో, సమ్మె గడువు ముంచుకొస్తుండగా ఒప్పందం కుదిరింది. లీగ్ వైపు చర్చల్లో ముందున్నది స్టెర్న్. ఎదురుగా యూనియన్ వైపు కూర్చున్న లారీ ఫ్లైషర్, ఆయనా హార్వర్డ్‌లో చదివిన లాయరే. ఆటగాళ్లు క్యాప్‌కి ఒప్పుకున్నారు. బదులుగా లీగ్ ఆదాయంలో 53 శాతం తమకేనని రాయించుకున్నారు.

ఆ లాజిక్‌కి పరీక్ష వెంటనే వచ్చింది. 1984 డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే ప్రక్రియలో, లియాన్ వుడ్ అనే కుర్రాడిని ఫిలడెల్ఫియా తీసుకుంది. ఆ టీమ్ జీతాలు అప్పటికే పరిమితిని దాటి ఉన్నాయి. అందుకని అతనికి చూపించగలిగింది ఏడాదికి 75,000 డాలర్లే. ఒలింపిక్ స్వర్ణం గెలిచి వచ్చినవాడికి అది అవమానంగా అనిపించడంలో వింత లేదు. కోర్టుకెళ్లాడు. ఒప్పందం జరిగినప్పుడు నేను యూనియన్‌లోనే లేను, అది నాకెలా వర్తిస్తుందన్నది అతని వాదన. 1987లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీలో రేపు చేరబోయే కార్మికుడికి కూడా యూనియన్ ఒప్పందం ఎలా వర్తిస్తుందో, ఇదీ అంతేనంది. క్యాప్ నిలిచింది. కొసమెరుపేమిటంటే, ఆ లియాన్ వుడ్ తర్వాత ఎన్‌బీఏలోనే రిఫరీ అయ్యి ఏళ్ల తరబడి విజిల్ ఊదాడు.

క్యాప్ లెక్క, ఐపీఎల్ పర్స్‌తో పోలిస్తే

సులువు కోసం గుండ్రటి అంకెలు తీసుకుందాం. లీగ్ ఏడాది ఆదాయం 1,000 కోట్లు, ఆటగాళ్ల వాటా 50 శాతం. అంటే 500 కోట్లు. అందులో పెన్షన్లు, ఇన్సూరెన్స్ వగైరాలకి 20 కోట్లు తీసేస్తే 480. టీమ్‌లు 30. ఒక్కో టీమ్‌కి జీతాల పరిమితి 16 కోట్లు. అసలు ఒప్పందంలో దీనికి వందల పేజీల వివరణ ఉంది గానీ గుండెకాయ ఈ భాగహారమే. 1984-85లో తొలి క్యాప్ 36 లక్షల డాలర్లు. స్టెర్న్ చివరి సీజన్ 2013-14లో 5.87 కోట్లు. 2025-26లో 15.46 కోట్లు.

ఐపీఎల్ పర్స్ చూసినవాళ్లకి ఇది తెలిసిన సరుకే. 2025 మెగా వేలానికి ఒక్కో టీమ్‌కి 120 కోట్ల రూపాయలు. సన్‌రైజర్స్ హైదరాబాద్ క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, అభిషేక్, హెడ్‌లకి తలా 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకుంది. మొత్తం 75. వేలానికి మిగిలింది 45. ఇంకో కోటి కావాలన్నా దొరకదు. ఇలా దాటడానికే వీల్లేనిదాన్ని హార్డ్ క్యాప్ అంటారు.

ఎన్‌బీఏది సాఫ్ట్ క్యాప్. పై లెక్కలోనే చూడండి. క్యాప్ 16 కోట్లు, మిగతా ఆటగాళ్ల జీతాలు 12 కోట్లు, స్టార్ కాంట్రాక్ట్ అయిపోయింది, 6 కోట్లు అడుగుతున్నాడు. హార్డ్ క్యాప్ అయితే 4 కోట్లే ఇవ్వగలరు, స్టార్ వెళ్లిపోతాడు. ఎన్‌బీఏలో మాత్రం సొంత ఆటగాడిని అట్టిపెట్టుకోవడానికి క్యాప్ దాటొచ్చు. దీనికి సెల్టిక్స్ స్టార్ లారీ బర్డ్ పేరు మీద ‘బర్డ్ మినహాయింపు’ అని పేరు. జీతాలు 18 కోట్లకి చేరతాయి, రూలు తప్పినట్టు కాదు.

అలా దాటుతూ పోతే డబ్బున్న యజమానిదే రాజ్యం కదా అంటే, అందుకే తర్వాతి ఒప్పందాల్లో మీద మీద గీతలు పెట్టారు. 2025-26లో 18.79 కోట్ల డాలర్లు దాటితే లగ్జరీ ట్యాక్స్ కట్టాలి. 20.78 కోట్లు, అంటే మొదట చెప్పిన సెకండ్ ఏప్రన్, దాటితే డబ్బుతో పోయేది కాదు. ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని ట్రేడ్‌లో (టీమ్‌ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో) తెచ్చుకోలేరు, భవిష్యత్తు డ్రాఫ్ట్ హక్కు కూడా ఒకటి స్తంభించిపోతుంది. సెల్టిక్స్ పారిపోయింది ఈ గీత నుంచే. ఇది స్టెర్న్ పోయాక, 2023 ఒప్పందంలో వచ్చిన గీత. పునాది మాత్రం 1983దే.

క్యాప్ వల్ల లీగ్ పెరిగిందా, జోర్డాన్ వల్లా?

స్టెర్న్ 1984 ఫిబ్రవరి 1న కమిషనర్ అయ్యాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లోనే మైకేల్ జోర్డాన్, హకీమ్ ఒలాజువాన్, చార్ల్స్ బార్‌క్లీ, జాన్ స్టాక్‌టన్ వచ్చారు. మ్యాజిక్, బర్డ్ అప్పటికే ఉన్నారు. ఎవరు కమిషనర్ అయినా లీగ్ పైకొచ్చేదే అనేవాళ్ల వాదన దీని మీదే. కొట్టిపారేయలేం.

పోటీ సమానం చేయడానికే క్యాప్ అన్న మాట కూడా లెక్కకి నిలవదు. 1980ల్లో పది టైటిళ్లలో ఎనిమిది లేకర్స్, సెల్టిక్స్ పంచుకున్నాయి. 1990ల్లో ఆరు బుల్స్‌వి. క్యాప్ చేసింది వేరే పని. ఖర్చుకీ ఆదాయానికీ ముడిపెట్టింది. జీతాలు ఆదాయాన్ని దాటి పరుగెత్తవన్న ధీమా యజమానికి, ఆదాయం పెరిగితే తన వాటా పెరుగుతుందన్న ధీమా ఆటగాడికి ఇచ్చింది. స్టార్లు ఆ ఆదాయాన్ని తెచ్చారు. 23 టీమ్‌లు 30 అయ్యాయి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కి ఎన్‌బీఏ స్టార్లతో నిండిన అమెరికా ‘డ్రీమ్ టీమ్’ వెళ్లింది. 1997లో మహిళల లీగ్ మొదలైంది. శాన్ ఆంటోనియో లాంటి చిన్న ఊరి టీమ్ నాలుగు టైటిళ్లు గెలిచింది. అదే స్టెర్న్ కాలంలో సియాటిల్ తన సూపర్‌సోనిక్స్‌ని 2008లో ఓక్లహోమా సిటీకి పోగొట్టుకుంది. ఆ ఊరివాళ్లు ఆయన్ని క్షమించలేదు.

తీర్పూ ఆయనదే, అప్పీలూ ఆయనకే

స్టెర్న్‌ని మెచ్చుకునేవాళ్లు కూడా ఇబ్బందిపడే భాగం ఇది. 2004 నవంబర్ 19న డెట్రాయిట్ దగ్గర మ్యాచ్‌లో ఇండియానా ఆటగాళ్లు స్టాండ్స్‌లోకి ఎక్కి ప్రేక్షకులతో కొట్లాటకి దిగారు. రాన్ ఆర్టెస్ట్‌ని స్టెర్న్ మిగిలిన సీజన్ మొత్తానికి సస్పెండ్ చేశాడు. జర్మైన్ ఓనీల్‌కి 25 మ్యాచ్‌లు. యూనియన్ ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికి వెళ్లింది. లీగ్ మాటేమిటంటే, ఆట జరుగుతుండగా కోర్టు (ఆడే స్థలం) మీద చేసిన తప్పుకి శిక్ష వేసేది కమిషనరే, దానిమీద అప్పీలు కూడా కమిషనర్‌కే. ఇక ప్రశ్నల్లా ప్రేక్షకుల గ్యాలరీ కూడా కోర్టు కిందికే వస్తుందా అన్నది. రాదని ఆర్బిట్రేటర్ తేల్చి, ఓనీల్ శిక్షని 15కి తగ్గించాడు. మిగతావాళ్లవి అలాగే ఉంచాడు. ఫెడరల్ జడ్జి కూడా ఓనీల్ తగ్గింపుని సమర్థించాడు. మరుసటి ఏడాది వచ్చిన డ్రెస్ కోడ్ నల్లజాతి యువకుల వేషధారణ మీద దాడి అని అలెన్ ఐవర్సన్ లాంటివాళ్లు మండిపడ్డారు. స్పాన్సర్లు వెళ్లిపోకుండా కాపాడుకున్నాడని వ్యాపారం తెలిసినవాళ్లు అన్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

2011 డిసెంబర్ 8 వ్యవహారం ఇంకా చిక్కు. న్యూ ఆర్లీన్స్ హార్నెట్స్‌ని కొనేవాడు లేక ఏడాది క్రితమే లీగ్ తానే కొనేసింది. అంటే మిగతా 29 టీమ్‌లు కలిసి 30వ టీమ్‌కి యజమానులు. ఆ టీమ్ స్టార్ క్రిస్ పాల్‌ని లేకర్స్‌కి ఇవ్వడానికి మూడు టీమ్‌ల మధ్య బేరం కుదిరింది. స్టెర్న్ ఒప్పుకోలేదు. కమిషనర్‌గా ట్రేడ్ రద్దు చేశాడని లోకం కోడై కూసింది. నేను యజమాని స్థానంలో ఉండి నా టీమ్‌కి లాభం లేని బేరాన్ని కాదన్నాను, ఏ యజమానైనా చేసేదే అన్నది ఆయన జవాబు. చట్టం ప్రకారం ఆ వాదన సరిపోతుంది. కానీ క్లీవ్‌లాండ్ యజమాని డాన్ గిల్బర్ట్ ఆ ట్రేడ్‌ని ఆపమంటూ రాసిన ఈమెయిల్ బయటికొచ్చాక, ఆయన ఏ టోపీ పెట్టుకుని నిర్ణయం తీసుకున్నాడో ఎవరు నమ్ముతారు? లాయర్లు కేసు చేపట్టే ముందు చూసుకునే స్వప్రయోజనాల ఘర్షణ అన్న మొదటి పాఠం ఇది. ఆ పరిస్థితిలోకి లీగ్‌ని రానివ్వడమే తప్పని నాకనిపిస్తుంది. వారంలోపే పాల్ వేరే బేరంలో క్లిప్పర్స్‌కి వెళ్లాడు.

యూనియన్ తనని తాను ఎందుకు రద్దు చేసుకుంది?

ఆ ట్రేడ్ ఆగిన రోజే 161 రోజుల లాకౌట్ ముగిసింది. లాకౌట్ అంటే యజమానులు గేటుకి తాళం వేయడం. ఆటగాళ్ల వాటా అప్పటికి 57 శాతం. యజమానులు తగ్గించాలన్నారు. చర్చలు తెగిపోయాక నవంబర్ 14న యూనియన్ ఇక మేం ఆటగాళ్లకి ప్రతినిధులం కాదని ప్రకటించింది. చూసినవాళ్లకి ఓటమిలా కనిపించింది. కానీ లియాన్ వుడ్ కేసు గుర్తు తెచ్చుకుంటే ఎత్తు అర్థమవుతుంది. క్యాప్‌ని కాపాడే కవచం యూనియనే. అది లేకపోతే యజమానులది వట్టి కుమ్మక్కు. ఆటగాళ్లు వెంటనే కుమ్మక్కు చట్టం కింద కేసులు వేశారు. పన్నెండు రోజుల్లో రాజీ కుదిరింది. 82 మ్యాచ్‌ల సీజన్ 66కి తగ్గింది, ఆటగాళ్ల వాటా 49 నుంచి 51 శాతం మధ్యకి వచ్చింది. యూనియన్ మళ్లీ ఏర్పడి ఆ ఒప్పందం మీద సంతకం పెట్టింది. చివరి లెక్కలో గెలిచింది యజమానులేనని ఎక్కువమంది మాట.

ఆయన తర్వాత

2014 ఫిబ్రవరి 1న స్టెర్న్ కుర్చీ దిగాడు, 2020 జనవరి 1న కన్నుమూశాడు. ఆయన తర్వాత వచ్చిన ఆడమ్ సిల్వర్ కూడా లాయరే. సిల్వర్ తండ్రి ఎడ్వర్డ్ అదే ప్రోస్కావర్ రోజ్‌లో భాగస్వామి. స్టెర్న్ దగ్గర పనిచేసిన మరో లాయర్ గ్యారీ బెట్‌మన్ 1993లో ఐస్ హాకీ లీగ్‌కి కమిషనర్‌గా వెళ్లాడు. మహిళల లీగ్ తొలి అధ్యక్షురాలు వ్యాల్ ఆకర్‌మన్‌ది కూడా లా డిగ్రీనే.

ఇప్పుడు జనరల్ మేనేజర్ల కుర్చీల్లోకి కూడా లాయర్లు వస్తున్నారు. లేకర్స్‌ని నడిపే రాబ్ పెలింకా మిషిగన్‌లో లా చదివి, కోబీ బ్రయంట్‌కి ఏజెంట్‌గా పనిచేశాడు. రిచ్ చో బోయింగ్‌లో ఇంజినీరుగా ఉండి, లా చదువుకుని, 2010లో పోర్ట్‌లాండ్‌కి జనరల్ మేనేజర్ అయ్యాడు. ఇన్ని గీతలు, వాటి మధ్య డజన్ల కొద్దీ మినహాయింపులు ఉన్న ఒప్పందాన్ని చదివి, అందులో సందు వెతకగలగడం ఇప్పుడు మంచి షూటర్‌ని గుర్తుపట్టడమంత అవసరమైంది.

2025-26 నుంచి 11 ఏళ్లకి సుమారు 7,600 కోట్ల డాలర్ల కొత్త టీవీ ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఆ డబ్బు ఒక్కసారిగా క్యాప్‌ని ఎగదోయకుండా ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదని రాసుకున్నారు. సెకండ్ ఏప్రన్ గెలిచిన టీమ్‌లని చీలుస్తోందని కొందరు, చిన్న ఊళ్లకి అవకాశమిస్తోందని మరికొందరు వాదిస్తున్నారు. ప్రస్తుత ఒప్పందం 2029-30 దాకా ఉంది. అయితే 2028-29 సీజన్ తర్వాతే బయటికి వచ్చే వీలు రెండు పక్షాలకీ ఉంది.